పోర్ట్ 25 కోసం పోట్లాడకు, 587కి మారు

చి. అమ్మలూకి, బాబాయి ఆశీస్సులు.

వచ్చే మెయిళ్లు వస్తూనే ఉన్నాయి, మనం పంపేవే ఔట్‌బాక్స్‌లో ఇరుక్కుపోతున్నాయి అని నువ్వు చెప్పగానే సగం అర్థమైంది. బ్రాడ్‌బ్యాండ్ మార్చిన మర్నాటి నుంచే ఈ గొడవ అన్నావు, దాంతో మిగతా సగం కూడా తెలిసిపోయింది. మీ కొత్త ప్రొవైడర్ లైన్‌లో పోర్ట్ 25 మూసి ఉంది. పోర్ట్ అంటే నెట్‌లో ఒక్కో పనికి ఒక్కో నంబరుతో ఉండే తలుపు అనుకో. సీజన్ మధ్యలో, మిర్చి యార్డులో తేజ రకం రేటు పూటకో రకంగా ఉన్నప్పుడు, బయటి పార్టీకి కొటేషన్ పోకపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. ఫోన్‌లో చెప్తే గందరగోళం అవుతుందని రాస్తున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని చదువు.

అన్నిటికంటే ముందు ఒకటి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పోర్ట్ 25 తెరవమని పోట్లాడొద్దు. మామూలు కనెక్షన్‌కి తెరవరు. తెరిచినా నీకు ఒరిగేదేమీ లేదు. నీ మెయిల్ వెళ్లాల్సిన దారి అసలు అది కాదు.

ఎందుకంటే, మెయిల్ పంపడానికి వాడే ఎస్ఎమ్‌టిపి పద్ధతిని జాన్ పోస్టెల్ 1982లో రాసిపెట్టినప్పుడు నెట్‌లో ఉన్నది కొద్దిమందే. మెయిల్ ఇచ్చేవాడు ఎవరు, పాస్‌వర్డ్ ఏది అని అడిగే ఏర్పాటే అందులో లేదు. మనిషి తన కంప్యూటర్ నుంచి మెయిల్ ఇవ్వాలన్నా, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి అందించాలన్నా అదే పోర్ట్ 25. తర్వాత స్పామ్ ముంచెత్తింది. దాంతో 1998లో రెండు పనులనీ విడదీశారు. సర్వర్లు వాటిలో అవి మాట్లాడుకోవడానికి 25ని ఉంచి, మనలాంటి వాళ్లు తమ మెయిల్‌ని తమ సర్వర్‌కి అప్పగించడానికి 587 కేటాయించారు. పోస్టాఫీసులో తపాలా సంచులు వ్యాన్‌లోకి ఎక్కించే వెనక తలుపు 25 అనుకో, మనం కవరు ఇచ్చే కౌంటర్ 587. కౌంటర్ దగ్గర ఐడీ, పాస్‌వర్డ్ చూపించి ఇస్తాం. వెనక తలుపు మూసేశారని మనం బాధపడక్కర్లేదు.

మరి ఇన్నాళ్లూ ఎలా పోయాయని అడుగుతావు. పాత ప్రొవైడర్ మూయలేదు, అంతే. ఆఫీసు మెయిల్ పెట్టిన కుర్రాడు అప్పట్లో 25 అని కొట్టి వెళ్లిపోయాడు. పని జరిగినన్నాళ్లు ఎవరూ చూడరు కదా. వచ్చే మెయిల్ దారి వేరు. మెయిల్ దించుకునే పద్ధతులు రెండు, ఐమ్యాప్ అయితే 993, పాప్ అయితే 995. వాటిని ఎవరూ మూయరు కాబట్టే నీకు రావడం ఆగలేదు.

మూయడం అన్యాయం అనుకుంటావేమో, అందుకే నేను దగ్గరుండి చూసింది ఒకటి చెప్తాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి కంప్యూటర్ల పని చూసేవాణ్ని. బిల్టీలు, అంటే లారీ సరుకు రసీదులు, కొట్టే కంప్యూటర్‌లోకి ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ దూరింది. రాత్రి షట్టర్ వేసి అందరూ ఇళ్లకి పోయాక అది తనంతట తాను ప్రపంచంలో ఉన్న మెయిల్ సర్వర్లన్నిటి పోర్ట్ 25 తలుపూ తట్టి, మందుల స్పామ్ పంపుతూ కూర్చుంది. పొద్దున వచ్చేవాళ్లకి రూటర్ లైట్ మామూలు కంటే ఎక్కువ మెరుస్తుండటం తప్ప తేడా ఏమీ కనిపించలేదు. ఆ లైన్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని చిరునామా, స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కింది. తర్వాత వాళ్లు పార్టీలకి పంపిన నిజమైన మెయిళ్లు కూడా వరసపెట్టి తిరిగొచ్చాయి. డెలివరీ కాగితాలు అందక లోడ్ దిగని లారీలు, ఫోన్ల మీద ఫోన్లు చేసే డ్రైవర్లు, ఆ ఓనర్ మొహం నాకింకా గుర్తే. ఇవాళైతే అది ఒక్క ఆఫీసుతో పోదు. పబ్లిక్ ఐపీలు చాలక చాలామంది ప్రొవైడర్లు ఒకే అడ్రస్ వెనక బోలెడు ఇళ్లనీ షాపులనీ పెడుతున్నారు. ఒకడి కంప్యూటర్ చెడితే వీధి వీధంతా బ్లాక్‌లిస్టు పాలవుతుంది. కాబట్టి 25 మూయడం సబబే అని నేను గట్టిగా అంటాను. మూసిన సంగతి కనెక్షన్ ఇచ్చేటప్పుడే చెప్పకపోవడం మాత్రం వాళ్ల తప్పు.

ఇక పనిలోకి దిగు. మార్చే ముందు, జబ్బు అదేనా కాదా తేల్చుకో. విండోస్‌లో పవర్‌షెల్ తెరువు. నల్లగానో నీలంగానో కిటికీ వస్తుంది, భయపడకు. అందులో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్ కొట్టి, ఖాళీ వదిలి, సర్వర్ పేరు కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి, హైఫన్ పోర్ట్ అని కొట్టి, ఇంకో ఖాళీ తర్వాత 25 అని ఎంటర్ నొక్కు. సర్వర్ పేరు అంటే నీ మెయిల్ సెట్టింగ్స్‌లో ఔట్‌గోయింగ్ సర్వర్ అని రాసి ఉన్నది. 25 మూసి ఉంటే కాసేపు కదలకుండా ఉండి చివరి వరసలో ఫాల్స్ అని చూపిస్తుంది. అదే కమాండ్‌లో 25 తీసి 587 పెట్టు. వెంటనే ట్రూ వస్తే నీ సమస్య సగం తీరినట్టే. 465 కూడా చూడు. మూడూ ఫాల్స్ వస్తే సర్వర్ పేరులో అక్షరం తప్పుందేమో, యాంటీవైరస్ అడ్డుపడుతోందేమో ముందు చూడు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడొచ్చు గానీ దాన్ని పూర్తిగా నమ్మకు. మొబైల్ నెట్‌వర్క్‌లోనూ 25 మూసి ఉండొచ్చు.

ఎర్రర్ ఏం వచ్చిందో కూడా చదువు, చూడగానే మూసెయ్యకు. టైమ్ అవుట్ అంటే అవతల తలుపు పలకలేదని. 535తో మొదలైతే సర్వర్ దాకా వెళ్లావు, పాస్‌వర్డ్ తప్పు. 550 అంటే సర్వర్ నీ మాట విని మరీ కాదంది, కారణం ఆ పక్కనే ఇంగ్లీషులో ఉంటుంది. ఈ మూడింటికీ మందులు వేరు. పాస్‌వర్డ్ తప్పయితే పోర్టులు మార్చుకుంటూ కూర్చోవడం దండగ.

ఇప్పుడు మార్పు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఔట్‌గోయింగ్ సర్వర్ దగ్గర 25 తీసి 587 పెట్టు, పక్కన సెక్యూరిటీ గడిలో స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకో. లేదా 465 పెట్టి ఎస్ఎస్ఎల్ ఎంచుకో. రెండూ మెయిల్‌ని దారిలో ఎవరూ చదవకుండా గుప్తం చేసే పద్ధతులే. ఈ జతలు మారకూడదు. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్ఎస్ అన్నావంటే, సర్వర్ ముందు తాళం వేసుకుని మాట్లాడదామని చూస్తుంది, నీ ప్రోగ్రామ్ సర్వర్ ముందు పలకాలని చూస్తుంది, ఇద్దరూ అలా ఎదురుచూసి చివరికి టైమ్ అవుట్. అది చూసి 465 కూడా బ్లాక్ చేశారని ప్రొవైడర్‌ని తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండిట్లో ఏది మేలంటే, నీ సర్వర్ రెండూ ఇస్తే 465 పెట్టుకో. మొదటి మాట నుంచే గుప్తంగా నడుస్తుంది. 2018లో వచ్చిన ప్రమాణం కూడా దానివైపే మొగ్గింది.

అక్కడే, నా ఔట్‌గోయింగ్ సర్వర్‌కి ఆథెంటికేషన్ కావాలి అని ఇంగ్లీషులో ఒక టిక్ పెట్టె ఉంటుంది. ఔట్‌లుక్‌లో అయితే అది లోపల మోర్ సెట్టింగ్స్ కింద దాగి ఉంటుంది. టిక్ లేకపోతే పోర్ట్ సరిగ్గా మార్చినా సర్వర్ నిన్ను బయటివాళ్ల లెక్కనే చూస్తుంది, రిలే కుదరదంటుంది, అంటే నీ మెయిల్‌ని ముందుకి అందించనంటుంది. పోర్ట్ మార్చినవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. తప్పకుండా చూడు.

బిల్లులు జీమెయిల్ నుంచి పోతున్నాయి అన్నావు కదా, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో? దానికి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాలకి ఆ పద్ధతి తీసేశారు. ముందు అన్నయ్య ఫోన్ నంబరుతో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్యి. తర్వాత గూగుల్ అకౌంట్‌లో యాప్ పాస్‌వర్డ్స్ అని వెతుకు. సాఫ్ట్‌వేర్ పేరు రాసి క్రియేట్ నొక్కితే 16 అక్షరాలు, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలుగా కనిపిస్తాయి. ఖాళీలు లేకుండా కలిపి కొట్టు. ఆ కిటికీ మూశావంటే మళ్లీ చూపించరు, కొత్తది చేసుకోవాల్సిందే. కాబట్టి నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకే ఎక్కించు. కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించొద్దు, గుమాస్తా వాట్సాప్‌కి పంపొద్దు. మామూలు జీమెయిల్‌లో రోజుకి సుమారు 500 మందికి మించి పోవు, మించితే ఒక రోజు దాకా పంపడం ఆపేస్తారు. సీజన్‌లో రేట్ల లిస్టు అందరికీ ఒకేసారి కొట్టే అలవాటు ఉంటే ఇది గుర్తుంచుకో.

కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ హోస్టింగ్ వాళ్ల దగ్గర, అంటే సర్వర్ అద్దెకిచ్చేవాళ్ల దగ్గర, ఉంది కాబట్టి దాన్ని వాళ్ల సర్వర్ నుంచే పంపు. తొందరలో కంపెనీ అడ్రస్‌ని జీమెయిల్ సర్వర్ మీదుగానో, ప్రొవైడర్ ఇచ్చే సర్వర్ మీదుగానో తోసెయ్యాలని చూడొద్దు. మెయిల్ బయటికి పోయినా అవతల స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. మన పేరు మీద ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో డొమైన్, అంటే కంపెనీ వెబ్ పేరు, రికార్డుల్లో ఎస్‌పీఎఫ్ అనే వరస చెప్తుంది, లోపల చేసే సంతకాన్ని డీకిమ్ అంటారు. 2024 ఫిబ్రవరి నుంచి ఈ రెండిట్లో ఒకటైనా లేని మెయిల్‌ని జీమెయిల్ తీసుకోవడానికి మొరాయిస్తోంది. హోస్టింగ్ వాళ్లని ఈ రెండూ ఉన్నాయా అని అడుగు. లేకపోతే పెట్టించు. మెయిల్ ఇక్కడి నుంచి పోవడం ఒక ఎత్తు, ఢాకాలో పార్టీ ఇన్‌బాక్స్‌లో పడటం ఇంకో ఎత్తు.

ఒకవేళ 587, 465 కూడా మూసి ఉన్నాయని తేలితే, అప్పుడు పోట్లాడు. నీ వైపు న్యాయం ఉంది. బయటి సర్వర్ల 587కి వెళ్లకుండా ప్రొవైడర్ వినియోగదారుల్ని ఆపకూడదని ఇంటర్నెట్ ప్రమాణాల్లో 2007 నుంచీ స్పష్టంగా ఉంది. ఆర్ఎఫ్‌సీ 5068 అని చెప్పు. మొదట రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు, చేశానని చెప్పు. మెయిల్ పనిచేయట్లేదు అని మాత్రం అనొద్దు. అలా అంటే గంటసేపు బ్రౌజర్ తెరిపిస్తారు. మీ లైన్‌లో బయటికి వెళ్లే 587, 465 పోర్టులు తెరిచి ఉన్నాయా, అవునా కాదా చెప్పండి అని అడుగు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకుని రాసుకో. తేలకపోతే వాళ్ల అప్పీల్ అథారిటీకి ఆ నంబరుతోనే వెళ్లాలి.

పక్క షాపు కుర్రాడు వీపీఎన్ వేసుకోమంటాడు, ఇంకొకడు క్లౌడ్‌లో చిన్న సర్వర్ తీసుకుందాం అంటాడు. రెండూ వద్దు. వీపీఎన్‌ల వాళ్లు చాలామంది 25ని మూసే ఉంచుతారు. అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లు కూడా మామూలుగా బయటికి పోయే 25ని ఆపుతాయి. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ అడ్రస్, తీసుకుని సొంత మెయిల్ సర్వర్ పెడదామంటే దాన్ని రోజూ చూసుకునే మనిషి కావాలి. మిర్చి వ్యాపారం చేసుకునే ఇంట్లో అది అనవసరమైన భారం.

మేడ మీద ఉన్న పాత స్కానర్-ప్రింటర్ కూడా మెయిల్ పంపడం మానేసి ఉంటుంది, చూశావా? అలాంటి పాత మెషిన్లలో కొన్నిటికి 25 తప్ప వేరే రాదు, లేదా పాత రకం ఎన్‌క్రిప్షనే వస్తుంది. దాంతో కుస్తీ పడకు. స్కాన్ చేసింది నీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పడేలా పెట్టుకుని, అక్కడి నుంచి పంపు.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎన్‌క్రిప్షన్ లేకుండా 25 మీద లాగిన్ అయితే పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదవగలిగేలా పోతుంది. ఇన్నాళ్లూ అలాగే పోయి ఉంటుందని నా అనుమానం. మెయిల్ పాస్‌వర్డ్ దొరికినవాడు స్పామ్‌తో ఊరుకోడు. నెలల తరబడి మీ మెయిళ్లు చదివి, సరిగ్గా కంటెయినర్ డబ్బు రావాల్సిన రోజున, మా బ్యాంకు ఖాతా మారింది అని మీ పేరుతోనే పార్టీకి రాస్తాడు. ఎక్స్‌పోర్ట్ వ్యాపారాల్లో లక్షలు ఇలాగే పోతున్నాయి. కాబట్టి సెట్టింగ్ మార్చిన రోజే పాస్‌వర్డ్ కూడా మార్చు. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అనే చోట మనకి తెలియని అడ్రస్ ఏదైనా ఉందేమో చూడు. ఖాతా మారిందని మెయిల్ వస్తే ఫోన్ చేసి గొంతు వింటే తప్ప డబ్బు వేయొద్దని పార్టీలందరికీ ఒక మాట చెప్పి ఉంచమని అన్నయ్యతో చెప్పు.

చివరగా, 587 పెట్టి సెండ్ నొక్కే ముందు ఔట్‌బాక్స్ తెరిచి చూడు. నిలిచిపోయినవన్నీ ఒక్కసారిగా బయలుదేరతాయి. వాటిలో కొన్ని ఇన్వాయిస్‌లు నువ్వు ఫోన్ నుంచి ఇప్పటికే పంపావు. కొటేషన్లలో పోయిన వారం రేట్లు ఉంటాయి. వర్క్ ఆఫ్‌లైన్ పెట్టి, అన్నిటినీ డ్రాఫ్ట్స్‌లోకి లాగి, పాతవి తీసేసి, ముందు నాకు ఒక ఖాళీ మెయిల్ కొట్టు. అది వచ్చిందని నేను చెప్పాకే పార్టీలకి పంపు. ఆదివారం గుంటూరు వస్తున్నాను, స్కానర్ మోడల్ నంబరు రాసి ఉంచు.

ఇట్లు,
మీ బాబాయి,
మొగల్రాజపురం, విజయవాడ