రెండు రోజులకి వైజాగ్ వస్తున్నాం, అక్కడ అసలైన లోకల్ తిండి ఏ హోటల్లో దొరుకుతుంది?

ఏ హోటల్లోనూ దొరకదు. రెండు రోజులకే వస్తున్నామన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఇక్కడ తెలిసిన ఇల్లు ఒక్కటున్నా మొహమాటపడకుండా ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేయించుకోండి. గోదావరి జిల్లాలవాళ్లు అది మాదంటారు. అననివ్వండి.

రెండేళ్ల కిందట మే నెలలో నా స్నేహితుడొకడు వచ్చాడు. గుంటూరు వాడు, ఉద్యోగం హైదరాబాదులో. ఫోన్లో చిట్టా రాసుకొచ్చాడు: కోనెం చేప వేపుడు, బొంగులో చికెన్, ముంత మసాలా. కోనెం సంగతి అక్కడే ఆగిపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, హార్బర్లో మరపడవలన్నీ కట్టేసి ఉంటాయి. సరిగ్గా అప్పుడే జనం వేసవి సెలవులకి దిగి తాజా చేప కావాలంటారు. హోటలు వాళ్లు మాత్రం కాదంటారా, ఐసులోంచి తీసి పెడతారు.

ఇక బొంగు. అరకు వైపు పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వెయ్యరు, వెదురు చెమ్మకే ఉడుకుతుంది. మేం వెళ్లిన సిటీ హోటల్లో బొంగు వంచితే ఎర్రటి గ్రేవీ బొళబొళా కారింది. బాండీలో వండి బొంగులో పోశారన్నమాట. బిల్లు మాత్రం అరకు వెళ్లొచ్చినంత అయింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను రైతుబజారుకి తరిమింది. కాయ కాదు, పొట్టు కొట్టించుకునే రమ్మంది. ఎనిమిదింటికి వెళ్తే ఆ కొట్టే ఆవిడ "ఏటి బాబూ, ఇప్పుడా రావడం?" అని కసిరి, మిగిలిన ఒక్క కాయా చేతికి నూనె రాసుకుని టకటకా కొట్టిచ్చింది. నూనె లేకపోతే ఆ జిగురు సబ్బుకి కూడా వదలదు.

పొట్టు ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, గట్టిగా పిండి, చింతపండు గుజ్జుతో పోపులో వేస్తుంది అమ్మ. ఇంగువ, ఎండుమిర్చి, జీడిపప్పు దండిగా పడాలి. సాయం చేస్తానని వంటింట్లోకి వచ్చిన మావాడు, రుబ్బిన ఆవముద్ద తీసి పొయ్యి మీదున్న బాండీలోనే వెయ్యబోయాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఉండు నాయనా, వేడి మీద వేస్తే చేదెక్కిపోద్ది." కూర దించి, ఆరాక తనే కలిపింది.

మొదటి ముద్దకే ముక్కు పట్టుకున్నాడు. గుంటూరు మిరపకాయ నాలుక మీద మండుతుంది, ఆవ తిన్నగా నడినెత్తికెక్కుతుంది. కళ్లు తుడుచుకుంటూనే మూడుసార్లు వడ్డించుకున్నాడు. సాంబారు దగ్గర మాత్రం "ఇందులో బెల్లమేంటండీ" అని నసిగాడు. హైదరాబాదులో నా రూమ్మేట్లూ ఇదే పాట పాడేవారు. అనకాపల్లి పక్కన పెట్టుకుని బెల్లం వెయ్యకుండా వండితే ఊళ్లో మొహమెలా చూపిస్తాం?

మిగిలిన కూర స్టీలు డబ్బాలో పెట్టిచ్చింది అమ్మ. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను: "నిన్నటికన్నా ఈరోజే బావుందిరా." ఊరిన ఆవ అంతే మరి. అమ్మకి చెబితే, "ఆ డబ్బా ఎప్పుడు పంపిస్తాడట?" అంది. ఇంతవరకూ రాలేదు.