అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు, వారాల లెక్క చూసుకోండి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పెళ్లి చేసుకుంటానన్నవాడు గర్భం అని తెలియగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. గర్భస్రావం కోసం ప్రభుత్వాసుపత్రికి వెళితే "ఫ్రీగా చేస్తుంటేనే మీలాంటివాళ్లకు జాగ్రత్త లేకుండా పోతోంది, అమ్మానాన్నల సంతకం తీసుకురా" అన్నారు. స్కాన్‌లో 17 వారాల 2 రోజులని వచ్చి రెండు వారాలైంది. మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కోమని ఫ్రెండ్ అంటోంది. ఏం చేయను?

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో కేసును తేల్చేది ఆ స్కాన్ తేదీ ఒక్కటే. ఈరోజుకి 19 వారాలు దాటాయి. గర్భస్రావానికి సంబంధించిన ఎంటీపీ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. ఆపై 24 వరకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ కొన్ని వర్గాల స్త్రీలకే. పెళ్లి కాలేదని ఆ అవకాశం తీసేయకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. 24 కూడా దాటిందంటే, మీలాంటి కేసులో కోర్టుకెళ్లినా గ్యారంటీ లేదు. ఇంత టైమ్ తక్కువున్నప్పుడు రిపోర్టు దగ్గర పెట్టుకుని రెండు వారాలు ఊరికే కూర్చుంటారా?

మాత్రల జోలికి మాత్రం అస్సలు పోవద్దు. ఇంట్లో వేసుకునే ఆ మాత్రలకు నిబంధనల్లో హద్దు 9 వారాలు, అదీ డాక్టర్ రాసిస్తేనే. 19 వారాల్లో మింగి రక్తస్రావం ఆగకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో నాలుగు మాటలు అని తరిమేస్తే ఆడపిల్లలు వెళ్లేది ఈ మాత్రల దగ్గరికే. ఉచితం వల్ల జాగ్రత్త పోతుందనేవాళ్లు ఇది ఆలోచించాలి. పైగా గర్భనిరోధక సాధనం విఫలమైతే కలిగే వేదనను 20 వారాల వరకు చట్టమే కారణంగా ఒప్పుకుంటుంది. 2021లో అక్కడ 'భర్త' తీసి 'భాగస్వామి' అని కూడా మార్చారు.

18 నిండిన స్త్రీకి, మానసిక అనారోగ్యం లేకపోతే, తన సంతకం ఒక్కటే చాలు. ఆ సమ్మతి పత్రం ఫారం-సి మీద మీరే పెట్టండి. రేపు పొద్దున్నే స్కాన్ రిపోర్టు, ఓపీ చీటీ, వయసు రుజువు పట్టుకుని వెళ్లి సూపరింటెండెంట్‌కు అర్జీ ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి, నోటిమాటతో వెనక్కి రావద్దు. మీ వివరాలు బయటపెట్టడం అదే ఎంటీపీ చట్టం 5ఎ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు. అది భయపడకుండా చెప్పండి. అయినా కదలకపోతే అదే రోజు 15100కి ఫోన్ చేయండి. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు, హైకోర్టులో అత్యవసర రిట్ వేయించవచ్చు.

అతని మెసేజ్‌లు డిలీట్ చేయకండి. అతని మీద కేసు సంగతి వచ్చే నెలైనా చూసుకోవచ్చు.