మాత్రలు లేకుండా నెలసరి నొప్పి తగ్గుతుందా?

మామూలు నెలసరి నొప్పి అయితే చాలామందికి తగ్గుతుంది. గర్భాశయం లోపలి పొర ఊడే సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. వాటివల్ల గర్భాశయ కండరం గట్టిగా బిగుసుకుని, దానికి రక్తం అందడం కాసేపు తగ్గుతుంది. నొప్పి అక్కడిదే. మొదటి 1-2 రోజులే ఎక్కువగా బాధపెట్టేదీ అందుకే.

కాబట్టి నేను ముందుగా చెప్పేది వేడి కాపడం. వేడినీళ్ల సంచిని పలుచటి గుడ్డలో చుట్టి పొత్తికడుపు మీద 15-20 నిమిషాలు ఉంచండి. బిగిసిన కండరం సడలుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది. చర్మం చురుక్కుమంటే వెంటనే తీసేయండి. వారానికి కనీసం 3 రోజులు వ్యాయామం చేసేవారికి నొప్పి తీవ్రత తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది.

వీటితో తగ్గకపోతే ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకోవడం తప్పేమీ కాదు. అది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటుంది. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవారు మాత్రం డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు.

ఒక్క మాట. నొప్పి ఏటేటా పెరుగుతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కలయికలో నొప్పి వస్తున్నా అది ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరగడం) లేదా ఫైబ్రాయిడ్ల (గర్భాశయంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు) వల్ల కావచ్చు. "ఆడవాళ్లకు ఇది మామూలే" అని ఎవరన్నా సరే, ఓర్చుకుంటూ కూర్చోకండి, గైనకాలజిస్టుకు చూపించుకోండి.