పాలపుంతను ఎక్స్‌రేలలో చూడటానికి ఒక్క సర్వే ఎందుకు సరిపోదు?

అంతరిక్షంలోని ఈరోసిటా ఎక్స్‌రే టెలిస్కోపు ఆకాశమంతటినీ సర్వే చేసిన తర్వాత కూడా, చంద్ర, ఎక్స్ఎంఎం-న్యూటన్ అనే మరో రెండు అంతరిక్ష ఎక్స్‌రే టెలిస్కోపులతో పాలపుంత తలాన్ని (మన గెలాక్సీలోని చదునైన పళ్లెం లాంటి భాగాన్ని) ముక్కలుముక్కలుగా మళ్లీ చూడవలసిన అవసరమేమిటని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా ఈ రెండు టెలిస్కోపుల ఆర్కైవ్ డేటాలోంచి గెలాక్సీ మధ్యభాగపు ఎక్స్‌రే మూలాలను, అంటే ఎక్స్‌రేలు వెలువరించే వస్తువులను, గుర్తించే పని చేశాను కనుక, ఆ అనుభవం మేరకు చెబుతాను.

ఎన్ని మూలాలు దొరికాయన్నది ఒక ప్రశ్న, అవి ఏమిటన్నది మరో ప్రశ్న. 2019లో ప్రయోగించిన ఈరోసిటా మొదటి సర్వేలో సగం ఆకాశానికి చెందిన జాబితా 2024లో వెలువడింది. అందులో దాదాపు 9 లక్షల మూలాలున్నాయి. అయితే వాటిలో అధికభాగం సుదూర గెలాక్సీల కేంద్రాల్లో ఉన్న భారీ కృష్ణబిలాలే. ఆ టెలిస్కోపు బాగా పట్టుకోగలిగేది 0.2 నుంచి 2.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రేల శక్తిని కొలిచే ప్రమాణం) మధ్య శక్తి గల, అంటే తక్కువ శక్తి గల ఎక్స్‌రేలను. పాలపుంత తలంలోని వాయువు, ధూళి మింగేసేవీ సరిగ్గా అవే. (ఈ పని ఎక్కువగా చేసేది హైడ్రోజన్ కాదు, దానితో కొద్దిపాళ్లలో కలిసి ఉండే ఆక్సిజన్, ఇనుము వంటి బరువైన మూలకాలు.) గెలాక్సీ కేంద్రం వైపు నుంచి తక్కువ శక్తి ఎక్స్‌రేలు మన దాకా దాదాపుగా రావు. 8–10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు చూడగలిగే చంద్ర, ఎక్స్ఎంఎంల విలువ అక్కడే తెలుస్తుంది.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ పాలపుంత తలం పొడవునా కనిపించే ఎక్స్‌రే కాంతిది. అందులో 6.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము రేఖ (బాగా వేడెక్కిన ఇనుము అణువులు ఒకే శక్తి దగ్గర వెలువరించే కాంతి) ఉండటంతో, అది కోట్ల డిగ్రీల వేడి గల వాయువు నుంచి వస్తున్నదేమోనని చాలాకాలం భావించారు. కానీ అంత వేడి వాయువును గెలాక్సీ గురుత్వం పట్టి ఉంచలేదు. చివరకు చంద్ర ఒకే చిన్న ప్రదేశాన్ని సుమారు 10 లక్షల సెకన్లు చూస్తే, ఇనుము రేఖ ఉన్న శక్తుల్లో 80 శాతానికి పైగా కాంతి విడివిడి చుక్కలుగా విడిపోయిందని 2009లో తేలింది. అవి చాలావరకు సహచర నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కునే శ్వేత కుబ్జాలు (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రాలు), చురుకైన జంట నక్షత్రాలు. ఎంత విశాలమైన సర్వే అయినా, ఇంత లోతూ ఇంత స్పష్టతా లేకుండా ఈ తగవు తీర్చలేదు.

ఇక రోజువారీ పనిలో ఎదురయ్యే చిక్కులు వేరు. చాలా మూలాల నుంచి వచ్చేవి పదో ఇరవయ్యో ఫోటాన్లు. వాటితో వర్ణపటం గీయలేము, ఎక్కువ శక్తివెన్ని, తక్కువ శక్తివెన్ని అన్న నిష్పత్తితోనే సరిపెట్టుకోవాలి. ఎక్స్ఎంఎం చిత్రాల్లో, దృష్టిక్షేత్రానికి బయట ఉన్న ప్రకాశవంతమైన ఎక్స్‌రే జంట నక్షత్రం నుంచి చెదిరి వచ్చిన కాంతి వంపు గీతలుగా పడుతుంది, సాఫ్ట్‌వేర్ వాటిని కూడా మూలాలుగా లెక్కిస్తుంది. అందువల్ల జాబితాను నమ్మే ముందు చిత్రాన్ని కళ్లతో చూడటం తప్పనిసరి అని నా అభిప్రాయం. స్థానం కూడా అంతే ముఖ్యం: చంద్ర దృష్టిక్షేత్రం మధ్యలో అర ఆర్క్ సెకను (ఒక డిగ్రీలో 7,200వ వంతు) స్పష్టత ఉంటుంది గాని, అంచులకు వెళ్లేకొద్దీ అది బాగా తగ్గిపోతుంది, నక్షత్రాలు కిక్కిరిసిన గెలాక్సీ మధ్యభాగంలో అప్పుడు ఒక్కో ఎక్స్‌రే మూలం ఇదేనేమో అనిపించేలా పరారుణ కాంతిలో కనిపించే అనేక నక్షత్రాలు పోటీ పడతాయి.

మీరే డేటాతో ప్రయత్నించాలనుకుంటే, ముందుగా దగ్గరి మూలాలను నక్షత్రాల దూరాలను కొలిచిన గయా ఉపగ్రహం ఇచ్చిన లెక్కలతో వేరు చేయండి. ధూళి వెనుక ఉన్నవాటిలో చాలావరకు గయాకు కనిపించవు కనుక, మిగిలిన వాటిని పరారుణ సర్వేలతో పోల్చవలసి ఉంటుంది.