బాక్టీరియాకు తన సైజు ఎలా తెలుస్తుంది?

మెదడు లేని బాక్టీరియా సరిగ్గా ఒకే పొడవు దగ్గర ఎలా చీలుతుందని అడిగారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా విషయంలో అయితే, అలా ఒకే పొడవు దగ్గర చీలదండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో అగరోజ్ అనే జెల్లీ ముక్క మీద ఈ.కోలైని పరిచి, 37 డిగ్రీల దగ్గర మైక్రోస్కోప్ కింద టైమ్‌లాప్స్ తీసేదాన్ని. పక్కపక్క కణాల్లోనే పొట్టివీ పొడుగువీ ఉండేవి. కొన్ని తరాలు గడిచేసరికి మాత్రం పొడుగుదాని సంతానమేదో, పొట్టిదాని సంతానమేదో చెప్పలేకపోయేదాన్ని.

2014-15లో వేల కణాలను కొలిచి చూస్తే తేలిందేమిటంటే, కణం ఎంత పొడవుతో పుట్టినా దాదాపు ఒకే మొత్తం పొడవు అదనంగా కలుపుకుని చీలుతుంది. దీన్ని 'యాడర్' (కలుపుకునేది) అంటారు. ఆ మొత్తం 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకోండి. 3తో పుట్టింది 5 అయి చీలితే పిల్లలు 2.5. అవి 4.5 అయి చీలితే 2.25. తర్వాత 2.125. 1.5తో పుట్టిన పొట్టిది 1.75, 1.875 అంటూ కింద నుంచి అదే 2 వైపు వస్తుంది. తరానికి సగం చొప్పున తేడా కరిగిపోతుంది. తానెంత పొడవుందో కణానికి తెలియనక్కర్లేదు! నాకైతే జీవశాస్త్రంలో ఇంత చిన్న లెక్కతో తేలిపోయే సంగతి ఇంకోటి కనబడలేదు.

ఆ 2 అందరికీ ఒకటే కాదు, తిండిని బట్టి మారుతుంది. మంచి మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) వేగంగా పెరిగే కణాలు పెద్దవిగా ఉంటాయని 1958లోనే కోపెన్‌హాగెన్‌లో సాల్మొనెల్లా అనే మరో బాక్టీరియా మీద చూపించారు.

ఆకారం సంగతి వేరు. సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ (మందుల షాపులో దొరికేదే) కొద్దిగా కలిపితే కణాన్ని రెండుగా విడదీసే అడ్డుగోడ కట్టడం ఆగుతుంది, పెరగడం ఆగదు. కణాలు దారాల్లా సాగిపోతాయి. మెసిలినామ్ అనే ఇంకో యాంటీబయాటిక్ వేస్తే పొడవు పెంచే యంత్రాంగం దెబ్బతిని గుండ్రంగా ఉబ్బుతాయి. అంటే పొడవు పెంచేదీ, అడ్డంగా కోసేదీ వేర్వేరు ప్రొటీన్ల బృందాలు.

మీరన్నట్టు ఒకే పొడవు దగ్గర చీలే పద్ధతికి దగ్గరగా ఉండేది ఫిషన్ ఈస్ట్; ఇది బాక్టీరియా కాదు, ఒక రకం ఈస్ట్. అది సుమారు 14 మైక్రాన్లకు చేరాకే చీలుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త పాల్ నర్స్ 1975లో వెల్లడించిన మ్యూటెంట్ (జన్యువు మారిన రకం) అందులో సగం పొడవుకే చీలిపోయేది.

ల్యాబ్‌లో మీరే చూడాలనుకుంటే రాత్రంతా ఉంచిన కల్చర్‌ని (పెంచిన బాక్టీరియా ద్రవాన్ని) నేరుగా పెట్టకండి, అందులో అన్నీ ఆకలితో కుంచించుకుపోయినవే. తాజా మీడియంలోకి మార్చి, జోరుగా పెరుగుతున్నప్పుడు తీయండి.