గుండె పరికరాల చార్టులు కోడ్ చేయబోయే మా అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ద్వారకానగర్‌లో శిక్షణ ముగించుకుని రుషికొండ ఆఫీసులో అమెరికా కార్డియాలజీ (గుండె వైద్యం) చార్టులు, అంటే రోగుల రికార్డులు, చదివి బీమా బిల్లుకు కోడ్‌లు వేసే పనికి చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కనుక, రోగి కొన్నాళ్లు ఒంటిమీద ధరించి తీసేసే పరికరాల గురించి నీకు ముందే చెప్పి ఉంచడం మంచిదనిపించింది.

చార్టు తెరవగానే పరికరం పేరు పట్టుకుని కోడ్ వెతకవద్దు. గుండె లయ ఎంతసేపు నమోదైంది, ఏ పని ఎవరు చేశారు అన్నవి ముందు చదువు. నమోదు 48 గంటల వరకైతే 93224 నుంచి 93227 వరకు ఉన్న వరుస, అది దాటి 7 రోజుల వరకైతే 93241 నుంచి 93244, 7 రోజులు దాటి 15 రోజుల వరకైతే 93245 నుంచి 93248 వర్తిస్తాయి. చివరి రెండు వరుసలు 2021 జనవరి 1న వచ్చాయి కనుక, పాత నోట్సులో 0295టీ వంటి రద్దైన కోడ్‌లు కనిపిస్తే వాటిని ఇప్పటి చార్టులకు వాడకు.

డాక్టరు 14 రోజులకు ప్యాచ్ (ఛాతీకి అంటించే నమోదు పరికరం) రాశారనుకో. చెమటకు అంచు లేచి అది ఐదో రోజునే ఊడిపోయింది. రిపోర్టులో నమోదైన కాలం 4 రోజుల 22 గంటలని ఉంది. ఆర్డరు ఎన్ని రోజులకు ఉన్నా, నువ్వు వేయవలసింది 7 రోజుల వరకు వర్తించే వరుసలోని కోడే. క్లెయిములు (బీమా సంస్థకు పంపే బిల్లులు) తిరిగి వచ్చేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆర్డరు చార్టు పైనే కనిపిస్తుంది, నమోదైన కాలం రిపోర్టు లోపల ఉంటుంది. 48 గంటల వరుసలో నమోదు 12 గంటలకు తక్కువైతే సేవ తగ్గిందని తెలిపే మోడిఫైయర్ (కోడ్ చివర చేర్చే గుర్తు) 52 చేర్చాలి.

ప్రతి వరుసలో మొదటి కోడ్ మొత్తం పనికి. రెండవది పరికరాన్ని అమర్చి నమోదు చేయడానికి. మూడవది నమోదును విశ్లేషించి రిపోర్టు తయారు చేయడానికి. నాలుగవది డాక్టరు పరిశీలించి అభిప్రాయం రాయడానికి. 48 గంటల హోల్టర్ (ఒంటిమీద ధరించే ఈసీజీ నమోదు పరికరం) విషయంలో బయటి సంస్థ విశ్లేషణ చేసి, డాక్టరు అభిప్రాయం మాత్రమే రాస్తే, ఆ డాక్టరు క్లెయిములో 93227 ఒక్కటే ఉండాలి. పని ఇలా కోడ్‌లలోనే విడిపోయి ఉంది కనుక డాక్టరు పనిని, సాంకేతిక పనిని వేరుచేసే 26, టీసీ మోడిఫైయర్లతో నిమిత్తం లేదు.

గుండె లయను అప్పటికప్పుడు విశ్లేషించి నిఘా కేంద్రానికి పంపే మొబైల్ టెలిమెట్రీకి 30 రోజుల వరకు ఒక్కసారే వేయాలి: డాక్టరుకు 93228, సాంకేతిక సేవకు 93229.

చొక్కాలా తొడుక్కునే డీఫిబ్రిలేటర్ వీటితో కలిసేది కాదు, అది అవసరమైనప్పుడు గుండెకు షాక్ కూడా ఇస్తుంది. మొదటిసారి అమర్చి ప్రోగ్రామ్ చేసినప్పుడు 93745, తరువాత రోగి ఎదుటే పరికరాన్ని పరిశీలించినప్పుడు 93292; రెండూ కలిపి వేయరాదు. శరీరం లోపల అమర్చే డీఫిబ్రిలేటర్ కోడ్‌లు దీనికి ఎన్నడూ వర్తించవు.

జబ్బు కోడ్ విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఔట్‌పేషెంటు చార్టులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం) అని అనుమానం మాత్రమే రాసి ఉంటే దానిని జబ్బుగా కోడ్ చేయకుండా, గుండెదడకు ఆర్00.2, సొమ్మసిల్లడానికి ఆర్55 వంటి లక్షణాన్నే వేయాలి. ఆ మనిషి మనకు ఎన్నడూ కనబడరు, కానీ మనం తొందరపడి వేసిన జబ్బు వారి రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఎంతకాలం నమోదైందో ఎక్కడా లేని చార్టు వస్తే, ఊహించి వేయకుండా పక్కన పెట్టి, డాక్టరును అడిగించమని మీ టీమ్ లీడ్‌కు రాసి పంపు.

ఇట్లు,
పెద్దమ్మ