మాల వేసుకుని ఇన్సులిన్ మానేశారు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, రెండేళ్లుగా ఇన్సులిన్ వాడుతున్నారు. ఈసారి అయ్యప్ప మాల వేసుకున్నాక మానేశారు. అది జంతువుల నుంచి తీస్తారని ఎవరో చెప్పారట. ‘అంతా స్వామే చూసుకుంటాడు’ అంటున్నారు. ‘ఇదంతా మూఢనమ్మకం’ అనేశాను. వారంగా నాతో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?
- ఒక కొడుకు, హైదరాబాద్

జవాబు: మాటల సంగతి తర్వాత, ముందు ఈ రోజే షుగర్ చూసి డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇన్సులిన్ ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఇక జంతువుల మాట. ఆయన విన్నది అబద్ధం కాదు, పాతబడిన నిజం. ఒకప్పుడు పందులు, పశువుల క్లోమం నుంచే ఇన్సులిన్ తీసేవారు. సూక్ష్మజీవులతో తయారుచేసిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు మందుల షాపుల్లో దొరికేది దాదాపు అంతా ఆ పద్ధతిలో చేసిందే. ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదేమో. ఆయన సందేహం మందు మీద. మీరు వాదన పెట్టుకున్నది దేవుడి మీద.

మీరు రాయలేదు గానీ, మాల వేసుకున్నాక ఆయన కోపం తగ్గిందా? సిగరెట్టో, మద్యమో అలవాటుంటే మానేశారా? డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా మాననివాళ్లు 41 రోజులు వాటి జోలికి పోకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. అది తక్కువ సంగతి కాదు. కానీ ఎంత నిష్ఠగా ఉన్నా క్లోమం చేయని ఇన్సులిన్ ఒంట్లోకి రాదు. ఈ విషయంలో నేను పూర్తిగా మీ పక్షం.

మీ మాట వినకపోయినా గురుస్వామి మాట వింటారు. ముందు మీరు ఒక్కరే వెళ్లి ఆయనకు విషయం చెప్పండి. తర్వాత ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఒంటిపూట భోజనం చేస్తూ పాత డోసే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, 70 లోపుకు దిగితే ప్రమాదం. రంజాన్ ఉపవాసాలున్న వారికి డాక్టర్లు డోసు, వేళలు మార్చి రాస్తుంటారు. దీక్షకూ అలాగే అడగండి. పంబ నుంచి సన్నిధానానికి సుమారు 5 కిలోమీటర్ల ఎక్కుడు. జేబులో పంచదార పొట్లం ఉండాల్సిందే.

ఇంకొకటి, చెప్పులు లేని నడక. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చెప్పులు వేసుకోవచ్చో లేదో గురుస్వామినే అడగండి. రోజూ రాత్రి ఆయన అరికాళ్లు మీరే చూడండి. దీక్షలో ఉన్న తండ్రిని కొడుకైనా ‘స్వామీ’ అనే పిలవాలి కదా. అలా పిలిచి కాళ్ల దగ్గర కూర్చుంటే, ఎన్నాళ్లని మాట్లాడకుండా ఉంటారు?